మా పిల్లికి ఎఫ్‌ఐపీ అన్నారు, ఇక లాభం లేదంటున్నారు. నిజంగా మందు లేదా?

గుంటూరు_లడ్డు
అందరికీ నమస్కారం. మా లడ్డుకి ఎనిమిది నెలలు, మగపిల్లి, పర్షియన్. రెండు వారాల నుంచి జ్వరం, 104 దగ్గరే ఉంటోంది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మార్చి మార్చి వేశారు, కాస్త తగ్గినట్టే ఉండి సాయంత్రానికి మళ్లీ ఒళ్లు కాలిపోతోంది. తిండి దాదాపు మానేశాడు. వీపు నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి, పొట్ట మాత్రం రోజురోజుకీ ఉబ్బుతోంది. మొదట నులిపురుగులన్నారు, మందు వేశాం. నిన్న స్కానింగ్ చేసి పొట్టలో నీరు చేరిందని సిరంజితో కొంచెం తీశారు. పసుప్పచ్చగా, పల్చటి తేనెలా తీగ సాగుతోంది. అది చూడగానే డాక్టర్ గారి మొహం మారిపోయింది. ఎఫ్‌ఐపీ అంటారు దీన్ని, పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే జబ్బు, దీనికి మందు లేదు, నొప్పి తెలియకుండా పంపించేయడమే మంచిది, ఇంట్లో మాట్లాడుకుని రండి అన్నారు.

రిపోర్టులో ఉన్నవి రాస్తున్నా. ఆల్బుమిన్ 1.9, గ్లోబ్యులిన్ 6.1, బిలిరుబిన్ 1.8, హెచ్‌సీటీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 24, లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) తక్కువ. బరువు 2.6 కిలోలు. మా పాప రాత్రంతా వాడి పక్కనే కూర్చుంది. మందు ఉందని నెట్‌లో ఎక్కడో చదివాను. నిజమో కాదో తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

నాలుగు_పిల్లుల_అమ్మ
ఉంది అండి. ముందు ఆ మాట మీ పాపకి చెప్పండి. మా బూరెకి ఇదే జబ్బు వచ్చింది, ఇదే పొట్ట, ఇదే జ్వరం. ఇప్పుడు బీరువా పైకెక్కి పడుకుంటోంది. వైరస్‌ని ఆపే మందు, పేరు జీఎస్-441524, అందరూ జీఎస్ అనే అంటారు. ఆలస్యం మాత్రం చేయొద్దు, ఈ జబ్బులో రోజులు చాలా విలువైనవి. మూడు సంగతులు వెంటనే చూసి చెప్పండి. కళ్ల రంగు ఏమైనా మారిందా, మబ్బు పట్టినట్టు ఉందా? నడిచేటప్పుడు వెనక కాళ్లు తూలుతున్నాయా? ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతున్నాడా? ఈ మూడింటిని బట్టే డోసు, కంగారు రెండూ ఉంటాయి.

పశువైద్య_కాకినాడ
గుంటూరు నుంచి రాసినవారికి. నేను పశువైద్యుణ్ణి, పిల్లుల కేసులు ఎక్కువగా చూస్తాను. మీ డాక్టర్ గారు జబ్బుని బాగానే పట్టుకున్నారు. మందు లేదన్న మాట మాత్రం 2019కి ముందు నిజం, ఇప్పుడు కాదు. మా కాలేజీ పుస్తకాల్లోనూ ఇది నూటికి నూరు శాతం ప్రాణాంతకం అనే ఉండేది. అది చదువుకుని వచ్చినవాళ్లు అలా అనడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే ఒక్క పరీక్షతో ఎఫ్‌ఐపీ అని తేల్చేయడం చాలాసార్లు కుదరదు. ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. లడ్డు విషయంలో ఆ ముక్కలు బాగానే కలుస్తున్నాయి. రెండేళ్లలోపు వయసు, యాంటీబయాటిక్‌కి లొంగని జ్వరం, బరువు తగ్గడం, పసుపు రంగు జిగట నీరు, రక్తహీనత, లింఫోసైట్లు తగ్గడం. అన్నిటికంటే ముఖ్యం రక్తంలోని రెండు రకాల ప్రొటీన్లు, ఆల్బుమిన్, గ్లోబ్యులిన్‌ల నిష్పత్తి. 1.9ని 6.1తో భాగిస్తే 0.31. ఇది 0.4 కంటే తక్కువుంటే అనుమానం బాగా బలపడుతుంది, 0.8 దాటితే ఎఫ్‌ఐపీ కాకపోవచ్చని అనుకుంటాం.

తీసిన నీరు ఇంకా ఉంటే మీ డాక్టర్ గారిని రివాల్టా పరీక్ష చేయమనండి. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. గాజు ట్యూబులో కొంచెం డిస్టిల్డ్ వాటర్ పోసి, ఒక చుక్క గాఢ ఎసిటిక్ యాసిడ్ కలిపి, పైనుంచి పొట్టలోంచి తీసిన నీటి చుక్క ఒకటి మెల్లగా వదలాలి. చుక్క కలిసిపోయి నీళ్లు తేటగా ఉంటే నెగెటివ్. చుక్క చెదరకుండా పైనే నిలిచినా, తీగలా కిందికి దిగినా పాజిటివ్. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎఫ్‌ఐపీయే అని కాదు, పొట్టలో చీము పట్టినా, లింఫోమా అనే కేన్సర్‌లోనూ రావచ్చు. అందుకే అదే నీటిని మైక్రోస్కోప్ కింద కూడా చూడాలి, బాక్టీరియా లేదని తేల్చుకోవాలి. నీటిలో వైరస్ ఉందేమో చూసే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చేయించగలిగితే ఇంకా మంచిది. రక్తంలో కరోనా యాంటీబాడీ పరీక్షకి మాత్రం డబ్బులు తగలేయకండి, ఆరోగ్యంగా తిరిగే పిల్లుల్లోనూ అది పాజిటివే వస్తుంది.

ఓరుగల్లు_పిల్లి
నేను వేరే మాట చెప్తా, ఎవరూ బాధపడొద్దు. 2017లో మా ఇంట్ల రెండు పిల్లికూనలు ఇదే రోగంతో పోయినయి, ఒకటి పోయిన నెలకు ఇంకోటి. అప్పుడు కూడా ఫలానా టానిక్ పోయండి, ఇమ్యూనిటీ మందు వేయండి అని చెప్పినోళ్లు బాగనే ఉన్నరు. దాని ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనం ఏది చెప్పినా నమ్ముతం, ఎంతంటే అంత ఇస్తం. ఇప్పుడు లేబుల్ సరిగ్గ లేని సీసాలు ఫోన్ల మీదనే అమ్ముతున్నరు. దాంట్ల ఏముందో ఎవరికి తెలుసు? అడిగేది ఒక్కటే, ఇది నిజంగా పరీక్షించిన మందేనా, లేక మళ్ల ఆశ అమ్ముకునుడా?

లీడ్స్_తెలుగు
ఓరుగల్లు అన్నా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, మా పిల్లికి ఇక్కడి వెట్ చీటీ మీదే వాడాం. ఆ టైంలో దొరికిన పేపర్లన్నీ కూర్చుని చదివాను కాబట్టి తెలిసింది చెప్తా.

ఈ జబ్బు గురించి మొదట 1963లో అమెరికాలో జీన్ హోల్జ్‌వర్త్ అనే వెట్ డాక్టర్ రాశారు. ఆ తర్వాత కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో నీల్స్ పెడర్సన్ అనే ఆయన దాదాపు యాభై ఏళ్లు దీని మీదే పనిచేశారు. గిలియడ్ అనే మందుల కంపెనీ దగ్గరున్న జీఎస్-441524 అనే అణువు పిల్లి కణాల్లో ఈ వైరస్‌ని ఆపుతుందని ఆయన బృందం 2018లో చూపించింది. 2019లో ఇళ్లలో పెరిగే, సహజంగా జబ్బు చేసిన 31 పిల్లులకి ఇచ్చి ఫలితాలు ప్రచురించారు. వాటిలో ఐదు బాగా ముదిరిపోయిన దశలో వచ్చి మధ్యలోనే పోయాయి. మిగతా 26 కనీసం పన్నెండు వారాల కోర్సు పూర్తి చేశాయి. కొన్నిటికి జబ్బు తిరగబెట్టింది, మళ్లీ మందిచ్చారు. చివరికి 25 నిలిచాయి. అప్పటిదాకా ఒక్కటి బతికినా వింతగా చెప్పుకునే జబ్బు ఇది.

మరి సీసాల వ్యాపారం ఎలా మొదలైందంటే, గిలియడ్ దాన్ని జంతువుల మందుగా బయటికి తేలేదు. ఆ ఖాళీలోకి చైనా నుంచి లైసెన్సు లేని మందు వచ్చి పడింది. పిల్లుల్ని కాపాడుకోవాలని ప్రపంచమంతా జనం ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఒకరికొకరు నేర్పించుకుంటూ ఇళ్లలోనే ఇంజెక్షన్లు వేసుకున్నారు. కోవిడ్‌లో మనుషులకి వాడిన రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక మారేది ఈ జీఎస్‌గానే, అంటే రెండూ ఒకే కుటుంబం. 2021లో ఇక్కడ బ్రిటన్‌లో వెట్ చీటీ మీద చట్టబద్ధంగా తయారుచేసి ఇవ్వడం మొదలైంది. ఆ మందులు వాడిన 307 పిల్లుల లెక్క తర్వాత ప్రచురించారు. మొదటి విడత చికిత్స అయ్యేసరికి 88.6 శాతం బతికే ఉన్నాయి. జర్మనీలో మ్యూనిక్ వాళ్లు 18 పిల్లులకి నోటి ద్వారా ఇస్తే పద్దెనిమిదీ కోలుకున్నాయి. ఇది టానిక్ కాదన్నా.

ఓరుగల్లు_పిల్లి
మంచిగ చెప్పినవు తమ్ముడూ. 2017లో ఇది ఉంటే బాగుండు అనిపిస్తుంది. గుంటూరు వాళ్లూ, ఆగకుండ్రి, మొదలువెట్టుండ్రి.

డల్లాస్_బుజ్జి
అమెరికాలో 2024 జూన్ నుంచి వెట్ చీటీ మీద ఫార్మసీ తయారుచేసి ఇంటికే పంపుతోంది, 50 మిల్లీగ్రాముల టాబ్లెట్. అంతకుముందు మేమూ గ్రూపుల్లో అడుక్కునే తెచ్చుకునేవాళ్లం. మా వెట్‌కి సంగతంతా తెలుసు, కానీ చీటీ రాయలేని పరిస్థితి. రక్తపరీక్షలు మాత్రం చేసి పెట్టేవారు. ఇక్కడున్న తెలుగువాళ్లెవరికైనా ఈ జబ్బు అని చెప్తే నేరుగా మీ వెట్‌నే అడగండి, ఇప్పుడు దొడ్డిదారి అవసరం లేదు.

గుంటూరు_లడ్డు
అందరికీ చాలా థాంక్స్ అండి. చదువుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాలుగు పిల్లుల అమ్మ గారూ, కళ్లు మామూలుగానే ఉన్నాయి, నడక నీరసంగా ఉంది కానీ తూలడం లేదు, ఊపిరి బాగానే ఉంది. ఇవాళ రివాల్టా చేయించాం, చుక్క కలవలేదు, తెల్లటి పోగులా కిందికి దిగింది. బాక్టీరియా కనిపించలేదట. మా డాక్టర్ గారికి కాకినాడ డాక్టర్ గారు రాసింది చూపించాను. ఆయన ఓపిగ్గా మొత్తం చదివి, నేను ఇంతవరకూ వాడలేదు కానీ మీరు ముందుకెళ్తానంటే పరీక్షలన్నీ నేను చూసుకుంటాను, డోసు ఆ డాక్టర్‌తో మాట్లాడి రాస్తాను అన్నారు.

ఒక డౌట్. మోల్నుపిరావిర్ అనే కోవిడ్ క్యాప్సూల్ కూడా పనిచేస్తుందని ఎవరో చెప్పారు. అది మన మెడికల్ షాపుల్లోనే ఉండేది కదా? అదే తెచ్చి ఇవ్వచ్చా?

మందులషాపు_తెనాలి
మాది మెడికల్ షాపు కాబట్టి నేను చెప్తాను. మోల్నుపిరావిర్‌కి మన దేశంలో 2021 డిసెంబర్ చివర్లో అత్యవసర అనుమతి వచ్చింది. చాలా కంపెనీలు చేశాయి, వాటిలో మన హైదరాబాద్‌వీ ఉన్నాయి. డాక్టర్ రెడ్డీస్ వాళ్లది మోల్‌ఫ్లూ, హెటిరో వాళ్లది మోవ్‌ఫర్. మోల్‌ఫ్లూ వచ్చినప్పుడు క్యాప్సూల్ 35 రూపాయలు, మనిషికి ఐదు రోజుల కోర్సు 40 క్యాప్సూళ్లు, 1400 రూపాయలు. ఇప్పుడు కోవిడ్ తగ్గింది కాబట్టి షాపులో నిల్వ ఉంచట్లేదు. డాక్టర్ చీటీ ఉంటే డిస్ట్రిబ్యూటర్ని అడిగి చూస్తాం.

కానీ ఒక విషయం గమనించండి. ఇవి 200 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు, మనిషి కోసం చేసినవి. రెండున్నర కిలోల పిల్లికి పూటకి ముప్పై చిల్లర మిల్లీగ్రాములు కావాల్సిన చోట క్యాప్సూల్ విప్పి కంటి అంచనాతో కుప్పలు పెడితే ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ పడుతుంది. లోపలి పొడిలో మందొక్కటే ఉండదు, కలుపుడు పదార్థాలూ ఉంటాయి. కాబట్టి లోపలున్న పొడి మొత్తం బరువు తూచి, దాన్ని భాగాలు చేసి, చిన్న ఖాళీ క్యాప్సూళ్లలో నింపాలి. మిల్లీగ్రాముల కాటా లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

పశువైద్య_కాకినాడ
తెనాలి వారు సరిగ్గా చెప్పారు. మోల్నుపిరావిర్ పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. సైప్రస్ దీవిలో 2023లో పిల్లులు ఈ జబ్బుతో పెద్ద ఎత్తున చనిపోతుంటే అక్కడి ప్రభుత్వం మనుషుల కోవిడ్ కోసం నిల్వ ఉంచిన ఇవే మాత్రల్ని ఆగస్టులో పిల్లులకి వాడనిచ్చింది. అయినా నేను మొదట జీఎస్‌నే ఎంచుకుంటాను. జీఎస్‌కి లొంగనప్పుడు, తిరగబెట్టినప్పుడు, లేదా జీఎస్ కొనే స్తోమత లేనప్పుడు మోల్నుపిరావిర్.

కారణం చెప్తాను. మోల్నుపిరావిర్ వైరస్ జన్యుపదార్థంలో తప్పులు పెంచి దాన్ని చంపుతుంది, అందుకే మిగతా కణాల మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. డోసు ఎక్కువైతే తెల్లరక్తకణాలు పడిపోతాయి, మీసాలు విరిగిపోతాయి, చెవులు ముడుచుకుపోయిన పిల్లులూ ఉన్నాయి. పొడి విప్పేటప్పుడు గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. ఇంట్లో గర్భిణులుంటే ఆ మందు దగ్గరికి రానివ్వకండి, పిల్లల చేతికి అసలే ఇవ్వకండి. గుంటూరు వారి పాప పిల్లిని ఎంత ప్రేమగా చూసుకుంటున్నా సరే, ఈ పని పెద్దవాళ్లే చేయాలి.

ఇక లడ్డు లెక్క. పొట్టలో నీరుండి, కళ్లు, మెదడు బాగున్న పిల్లికి జీఎస్ నోటి ద్వారా కిలోకి రోజుకి 15 మిల్లీగ్రాములు. 2.6 ఇంటూ 15, అంటే రోజుకి 39. కళ్లలో జబ్బుంటే కిలోకి 15 నుంచి 20, మెదడు, నరాల్లో ఉంటే 20, దాన్ని రెండు పూటలుగా ఇస్తాం. ఇవి మీ డాక్టర్ గారితో మాట్లాడడానికి చెప్తున్న అంకెలు, ఇక్కడ చదివి సొంతంగా మొదలుపెట్టేందుకు కాదు. ఇంకో జాగ్రత్త, లైసెన్సు లేని సరుకులో లేబుల్ మీద ఉన్నదీ లోపల ఉన్నదీ ఒకటి కాదని అమెరికాలో పరీక్షించి చూపించారు. ఎక్కువ సీసాల్లో రాసినదానికంటే ఎక్కువే ఉంది. బ్రాండు మారిస్తే డోసు కూడా మారిపోయినట్టేనని గుర్తుంచుకుని డాక్టర్‌కి చెప్పండి.

నాలుగు_పిల్లుల_అమ్మ
మాత్ర వేయడం గురించి నేను చెప్తా, ఎందుకంటే అసలు యుద్ధం అక్కడే. రోజూ ఒకే టైం పెట్టుకోండి, ఫోన్‌లో అలారం ఉండాలి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసి, అరగంట ఆగి అన్నం పెట్టండి. మరీ మొండికేస్తే ఒక్క ముద్ద చికెన్ పేస్టులో చుట్టి ఇవ్వచ్చు. టాబ్లెట్ చేదు నాలుకకి తగిలిందా నురగ కక్కుతుంది, మర్నాటి నుంచి మనల్ని చూస్తే మంచం కిందికి పారిపోతుంది. అందుకని నేను ముక్కని ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌లో పెట్టి, పైన కొంచెం వెన్న రాసి, దవడ రెండు వైపులా పట్టుకుని తల పైకెత్తి నాలుక వెనక్కి జారవిడిచేదాన్ని. వెంటనే సిరంజితో రెండు మూడు చుక్కలు నీళ్లు పోయాలి, లేకపోతే గొంతులో అంటుకుంటుంది. మింగాక మూతి నాక్కుంటే లోపలికి వెళ్లినట్టే.

ఇంజెక్షన్ రూపంలో కూడా దొరుకుతుంది కానీ ఆ ద్రవం ఆమ్లంగా ఉంటుంది, విపరీతంగా మంట. పిల్లి అరుస్తుంది, చర్మం పుండు పడుతుంది. బూరె కక్కుతూ ఏదీ ఇముడ్చుకోలేని మొదటి వారంలో ఇంజెక్షన్లే వేయాల్సి వచ్చింది, ఆ అరుపులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. తినగలిగే పిల్లికి మాత్రే నయం.

ఇంకా, వంటింటి కాటా ఒకటి కొనుక్కోండి. వారానికోసారి తూచి నోట్‌బుక్‌లో రాయండి. బరువు పెరిగితే డోసు కూడా పెంచాలి. చాలామంది సంతోషంలో పడి ఇది మర్చిపోతారు.

పశువైద్య_కాకినాడ
ఆ చివరి మాటని నేను గట్టిగా సమర్థిస్తున్నాను. 2.6 కిలోల పిల్లి కోర్సు మధ్యకి వచ్చేసరికి 3.5 అవుతుంది, పిల్లికూనలైతే ఇంకా వేగంగా పెరుగుతాయి. అదే 39 మిల్లీగ్రాములు ఇస్తూ పోతే కిలోకి 11 మాత్రమే అందుతుంది. వైరస్‌కి సందు ఇచ్చినట్టే.

ఇంకో మాట, పొట్టలో నీరుందని మొత్తం తోడేయమని అడగకండి. పరీక్షకి సరిపడా తీస్తే చాలు, మందు పనిచేస్తే రెండు వారాల్లో అదే ఇంకిపోతుంది. ఛాతీలో నీరు చేరి ఊపిరి ఆడకపోతే మాత్రం వెంటనే తీయాలి, అది వేరు. స్టెరాయిడ్ ఇప్పటికే ఇస్తుంటే మీ డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించేయండి, అసలు మందు ఉన్నప్పుడు సాధారణంగా దాని అవసరం ఉండదు. వాంతులకి, ఆకలికి విడిగా మందులు వాడచ్చు.

గుంటూరు_లడ్డు
అప్‌డేట్. మందు తెప్పించాం, మా డాక్టర్ గారే మొదటి డోసు ఆయన చేత్తో వేశారు. రెండు మూడు రోజులకే జ్వరం 101కి దిగింది! నిన్న రాత్రి ఎవరూ పిలవకుండానే లేచి వంటింట్లోకి వచ్చి, చేపలు కడుగుతుంటే కాళ్లకి రాసుకుంటూ అరిచాడు. మా అత్తగారు, ఆవిడకి పిల్లులంటే అసలు పడదు, ఆవిడే ముల్లు తీసి చిన్న ముక్క పెట్టారు. పొట్ట ఇంకా ఉంది.

ఇంకో టెన్షన్ పట్టుకుంది. ఇంట్లో ఇంకో రెండు పిల్లులున్నాయి. వాటికి అంటుకుంటుందా? లడ్డుని వేరే గదిలో పెట్టాలా? పాపకి ఏమైనా అవుతుందా?

లీడ్స్_తెలుగు
పాపకి ఏమీ కాదు. ఇది పిల్లుల కరోనా, కోవిడ్ కాదు, మనుషులకి రాదు. ఆ భయం పూర్తిగా వదిలేయండి.

పశువైద్య_కాకినాడ
మిగతా పిల్లుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లుల్లో కరోనా వైరస్ చాలా మామూలు, పేగుల్లో ఉంటుంది, మలం ద్వారా ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. చాలా పిల్లులకి కాస్త విరేచనాలు అవుతాయి, లేదా అదీ ఉండదు. ఏదో ఒక పిల్లి ఒంట్లో మాత్రం ఆ వైరస్ రూపం మార్చుకుని పేగు వదిలి, మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల్లోకి దూరి ఒళ్లంతా తిరుగుతుంది. అదే ఎఫ్‌ఐపీ. వైరస్ సోకిన పిల్లుల్లో ఈ దశకి వెళ్లేవి పదింట ఒకటి కూడా ఉండవు. ఆ మారిన వైరస్ మామూలుగా మలంలో బయటికి రాదు. అందుకే లడ్డుని విడిగా బంధించాల్సిన పని లేదు, ఒంటరిగా పెడితే ఒత్తిడికి ఇంకా నీరసిస్తాడు. ఇన్నాళ్లూ కలిసే ఉన్నాయి కాబట్టి మామూలు కరోనా మిగతా రెండింటికీ ఈపాటికే తగిలి ఉంటుంది. ఆరోగ్యంగా ఉంటే వాటికి ముందుజాగ్రత్త అని జీఎస్ ఇవ్వకండి.

సైప్రస్‌లో వచ్చింది వేరే రకం. అది కుక్కల కరోనా వైరస్‌తో కలిసి పుట్టింది, ఎఫ్‌సీఓవీ-23 అని పేరు పెట్టారు. అది పిల్లి నుంచి పిల్లికి నేరుగా పాకుతున్నట్టు కనిపించింది కాబట్టే అంత పెద్ద ఎత్తున చనిపోయాయి. మీ ఇంట్లోది అది అనుకోవడానికి కారణం లేదు.

చేయాల్సింది ఇసుక డబ్బాల శుభ్రం. మూడు పిల్లులకి నాలుగు డబ్బాలు పెట్టండి, అన్నం గిన్నెలకి దూరంగా. రోజూ ఎత్తిపోయండి, వారానికోసారి డబ్బా కడిగి బ్లీచింగ్ నీళ్లు పోయండి. పొడిగా ఉన్న చోట ఈ వైరస్ ఏడు వారాల దాకా బతకగలదు. కొత్త పిల్లిని ఇప్పట్లో ఇంట్లోకి తేవద్దు.

సాగరతీరం_వైజాగ్
అందరూ నీరున్న రకం గురించే మాట్లాడుతున్నారు, పొడి రకం గురించి కూడా రాయాలనిపించింది. మా చింటూకి పొట్ట ఉబ్బలేదు, నీరు లేదు. బరువు తగ్గుతూ వచ్చాడు, అంతే. తర్వాత ఎడమ కన్ను ఆకుపచ్చ నుంచి ఇటుక రంగులోకి తిరిగింది, లోపల మసక. కంటి చుక్కలతో చాలా రోజులు పోయాయి. వెనక కాళ్లు తడబడి సోఫా ఎక్కలేక జారిపోయిన రోజు ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ కళ్లూ, రక్తం రిపోర్టూ చూసి ఇది ఎఫ్‌ఐపీ, మెదడుకి ఎక్కింది అన్నారు.

మెదడుకి మందు చేరడం కష్టమట, అందుకే డోసు మొదటి నుంచీ ఎక్కువగానే వేశారు. నడక మూడు వారాల్లో బాగైంది. కోర్సు అయ్యాక కొన్ని వారాలకి మళ్లీ తూలాడు. తిరగబెట్టింది. డోసు పెంచి ఇంకో విడత మొదటి నుంచి వేయాల్సి వచ్చింది. ఆ రెండోసారి మొదలుపెట్టేటప్పుడు ఇంట్లో అందరం బాగా నీరసించిపోయాం, డబ్బు పరంగానూ, మనసు పరంగానూ. ఇప్పుడు ఏడాది దాటింది, బాగున్నాడు, ఆ కంట్లో మాత్రం చిన్న మచ్చ ఉండిపోయింది. తిరగబెట్టిందంటే అయిపోయినట్టు కాదు, ఇంకో అవకాశం ఉంటుందని చెప్పడానికే ఇదంతా రాశాను. పిల్లి కన్ను రంగు మారితే దయచేసి చుక్కలతో ఆగిపోకండి.

కొత్తగా_చేరా
నేను విజయనగరం నుంచి. మాదీ నీరున్న కేసే, మందు మొదలుపెట్టి నెల దాటింది, పిల్లి పూర్తిగా మామూలుగా ఉంది. పన్నెండు వారాల కోర్సు, అంటే 84 రోజులు, అక్కర్లేదు, 42 రోజులు చాలు అని కొత్తగా వచ్చిందట కదా? ఇక్కడితో ఆపేస్తే సగం డబ్బు మిగులుతుంది. నిజంగానే చాలా ఇబ్బందిగా ఉందండి, అందుకే అడుగుతున్నాను.

డల్లాస్_బుజ్జి
ఆపకండి!! పిల్లి బాగుంది అనేది కొలత కాదు. మా వెట్ అదే చెప్తూ ఉంటారు, బయటికి బాగున్నట్టు కనిపించడం మొదట జరుగుతుంది, లోపల బాగవడం తర్వాత.

పశువైద్య_కాకినాడ
ఇబ్బంది ఉందని దాచుకోకుండా అడిగారు, మంచి పని చేశారు. చాలామంది చెప్పకుండా డోసు సగం చేసేస్తారు, దానికంటే ఇది వంద రెట్లు నయం.

మీరు విన్నది నిజమే. 2024లో మ్యూనిక్ బృందం నీరు చేరిన ఎఫ్‌ఐపీ ఉన్న 40 పిల్లుల్ని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి 42 రోజులు, ఇంకోదానికి 84 రోజులు ఇచ్చింది. మొత్తం మీద 38 కోలుకున్నాయి, తక్కువ రోజులు వాడినవి వెనకబడలేదు. కాకపోతే ఆ పిల్లులకి నాణ్యత తెలిసిన మందు, కిలోకి 15 చొప్పున, ఆసుపత్రి పర్యవేక్షణలో, పదేపదే రక్తపరీక్షలు, స్కానింగులతో ఇచ్చారు. కళ్లకీ మెదడుకీ జబ్బు ఎక్కిన పిల్లుల లెక్క వేరు. కాబట్టి మీ నిర్ణయం క్యాలెండర్ చూసి కాదు, రిపోర్టు చూసి జరగాలి. 42వ రోజు దగ్గర రక్తపరీక్ష, స్కానింగ్ చేయించండి. హెచ్‌సీటీ, బిలిరుబిన్, గ్లోబ్యులిన్ అన్నీ మామూలుకి వచ్చి, నిష్పత్తి బాగా పెరిగి, నీరు చుక్క కూడా లేకుండా, లోపలి గ్రంథుల వాపు తగ్గి ఉంటే మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడవచ్చు. ఒక్కటి తేడాగా ఉన్నా కొనసాగించాలి. మందు ఎక్కడిదో సరిగ్గా తెలియని పరిస్థితిలో నేనైతే 84కే మొగ్గుతాను.

నాలుగు_పిల్లుల_అమ్మ
విజయనగరం తమ్ముడూ, లేక చెల్లెమ్మా, ఎవరైనా సరే, నాకు పర్సనల్ మెసేజ్ పెట్టండి. బూరె కోర్సు అయ్యాక మిగిలిన మాత్రలు కొన్ని ఉన్నాయి, డేటు ఇంకా ఉంది. మీ డాక్టర్‌కి అట్ట చూపించి, సరేనంటే కొరియర్ చేస్తాను. డబ్బు వద్దు. మాకు కూడా మొదటి పది రోజుల మందు తన పిల్లిని కాపాడుకోలేకపోయిన ఒకావిడ ఇచ్చారు.

కొత్తగా_చేరా
అక్కా, ఏం చెప్పాలో తెలియట్లేదు. మెసేజ్ పెట్టాను.

గుంటూరు_లడ్డు
చాలా రోజులకి రాస్తున్నాను, క్షమించాలి. లడ్డు 84 రోజుల కోర్సు పూర్తయింది. బరువు 4.1. నిన్నటి రిపోర్టులో ఆల్బుమిన్ 3.2, గ్లోబ్యులిన్ 3.8, హెచ్‌సీటీ 36, బిలిరుబిన్ మామూలు. స్కానింగ్‌లో నీరు లేదు. మధ్యలో లివర్ ఎంజైమ్ ఏఎల్‌టీ కొంచెం పెరిగింది, డాక్టర్ గారు కంగారు పడొద్దన్నారు, దానంతటదే దిగింది. మా డాక్టర్ గారు ఇప్పుడు ఇంకో రెండు పిల్లులకి ఇదే చికిత్స చేస్తున్నారు. ఒకరి ఇంటికి నేనే వెళ్లి మాత్ర ఎలా వేయాలో చూపించి వచ్చాను.

అడగాల్సినవి రెండు. వ్యాక్సిన్లు ఎప్పుడు వేయించాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి? మూత్రం గోడల మీద కొట్టడం మొదలుపెట్టాడు.

పశువైద్య_కాకినాడ
3.2ని 3.8తో భాగిస్తే 0.84. చాలా బాగుంది. ఇక మందు ఆపి పన్నెండు వారాలు కనిపెట్టుకుని ఉండాలి, తిరగబెడితే ఎక్కువగా ఈ మధ్యలోనే. వారానికోసారి బరువు తూచడం మానకండి. జ్వరం, ఆకలి తగ్గడం, కన్ను రంగు, నడక, ఏది తేడాగా అనిపించినా అదే రోజు ఆసుపత్రికి. మందు ఆపిన నెలకి ఒకసారి, మూడు నెలలకి ఇంకోసారి రక్తపరీక్ష. మూత్రం పోయడానికి ముక్కుతున్నా, రక్తం పడుతున్నా చెప్పండి, జీఎస్ వాడిన పిల్లుల్లో ఆ మందుతోనే రాళ్లు ఏర్పడిన కేసులు అరుదుగా ఉన్నాయి.

వ్యాక్సిన్లు ఆపాల్సిన పని లేదు, ఒంట్లో బాగున్నాడు కాబట్టి మీ డాక్టర్ గారితో తేదీ పెట్టుకోండి. ఆపరేషన్ మాత్రం ఒక నెల ఆగి, ఆ నెల రక్తపరీక్ష బాగుంటే చేయించండి. ఆ రోజు ఆసుపత్రిలో ఎక్కువసేపు బోనులో ఉంచకుండా పొద్దున తీసుకెళ్లి సాయంత్రానికి ఇంటికి తెచ్చేసేలా మాట్లాడుకోండి, నొప్పి మందు అడిగి మరీ రాయించుకోండి. అందాకా గోడల దగ్గర ఇంకో ఇసుక డబ్బా పెట్టి చూడండి.

గుంటూరు_లడ్డు
అలాగే డాక్టర్ గారూ. వచ్చే నెల రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.